దొర తిన్న రెండు ముద్దలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు, మీరు కొందరు, అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఇప్పుడు మిమ్మల్ని పీఈటీలంటున్నారు. మా కాలంలో డ్రిల్లు మాస్టర్లనేవాళ్ళు. పేరు మారింది గానీ స్టాఫ్ రూములో మన కుర్చీ మాత్రం ఇప్పటికీ తలుపు పక్కనే ఉందని విన్నాను. మీరు వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే, ఆ అమెరికా ఆటగాడి కథ చెప్పమని. ఆయన ఎంత పొడుగో, బంతి ఎలా వేసేవాడో, ఆ సాయంత్రం జీపును ఎలా ఆపారో ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. మీరు నవ్వుతారు, నేను నవ్విస్తాను. అందులో నేను దాటేస్తూ వచ్చిన ముక్క ఒకటుంది. ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్ళయింది. నేను జమ్మలమడుగు హైస్కూల్లో పనిచేస్తున్నాను. పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో, మా నాయన దర్జీ. ఆ రోజుల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బాస్కెట్‌బాల్ జట్లు చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా ఒకరి ఊరికి ఒకరు పోయి ఆడేవాళ్ళు. ప్రొద్దుటూరు జట్టు వెనక మిల్లుల వాళ్ళున్నారు, వాళ్ళకది కాలక్షేపం. మా జట్టును పోషించేది పెద్దముడియం దగ్గరి పల్లెలో ఒక పెద్ద రైతు. పులివెందుల జట్టును పోషించేది తొండూరు దగ్గరి పల్లెలో ఇంకో పెద్ద రైతు. ఈ ఇద్దరికీ అది కాలక్షేపం కాదు.

వరసకు ఇద్దరూ బావాబామ్మర్దులు. ఎప్పటిదో పగ. ఎంతమంది పోయారో నాకు తెలుసు గానీ ఆ లెక్క ఇక్కడ రాయను. చివరికి పోలీసులు ఇద్దరినీ పిలిపించి, మళ్ళీ గలాటా జరిగితే లోపలేస్తామని బాండు రాయించుకున్నారు. చేతులు కట్టేసినట్టయింది ఇద్దరికీ. అప్పుడు పట్టుకున్నారు బంతిని. మా పెద్దాయనకు ఆట సంగతి ఒక్క ముక్క తెలియదు. "ఆ గంపలో ఎవడు శానాసార్లు యేస్తే వాడే గదా మాస్టరూ?" అని నన్నడిగి, అవునంటే తృప్తిపడ్డాడు.

నాకు ఉద్యోగం వచ్చింది ఆయన మాట మీదే. స్కూలు కమిటీలో ఆయనొక మాటంటే రెండో మాట ఉండదు. పండగలకూ పబ్బాలకూ ఆయన ఇంటి అరుగు మీద ఆకు వేయించుకుని తిన్నవాణ్ణి. మ్యాచి ఓడినప్పుడు ఆయన నన్ను ఏమీ అనేవాడు కాదు. ఆయన వెంట ఎప్పుడూ నలుగురు మనుషులు భుజాన తువ్వాళ్ళతో ఉండేవాళ్ళు, వాళ్ళు నా వైపు చూసేవాళ్ళు. ఆ తువ్వాళ్ళ కింద ఏముండేదో నేనెప్పుడూ అడగలేదు.

వరసగా రెండేళ్ళు ఓడిపోయాం. పులివెందుల వాళ్ళు బెంగుళూరు నుంచి ఇద్దరు ఆటగాళ్ళను తెచ్చి, గుమాస్తాలని పేరు పెట్టి ఆడించారు. మాకు అలాంటివాళ్ళు దొరకలేదు. అలాంటప్పుడు వచ్చాడు దొర.

ఆయన్ను అమెరికా ప్రభుత్వం కోళ్ళ పెంపకం నేర్పమని పంపించింది. మా ఊళ్ళో మిషను ఆసుపత్రి వెనక ఒక గదిలో ఉండేవాడు. అందరూ కోళ్ళ దొర అనేవాళ్ళు. ఇరవై మూడో ఇరవై నాలుగో వయసు, మా స్కూలు తలుపులన్నింటికీ తల తగిలేంత పొడుగు. ఒకనాడు మా మైదానం పక్కగా పోతూ, దొర్లుకుంటూ వచ్చిన బంతిని తీసుకుని, నిలబడ్డచోటి నుంచే ఒంటి చేత్తో గంపలో వేశాడు. వాళ్ళ కాలేజీ జట్టులో ఆడినవాడట. వాళ్ళ దేశంలో జీతాలిచ్చి ఆడించే జట్లుంటాయనీ, వాటిలో చోటు దొరకలేదనీ నవ్వుతూ చెప్పాడు. నేను ఆ సాయంత్రమే సైకిలెక్కి పెద్దాయన దగ్గరికి పోయాను. ఎవరూ పొమ్మనలేదు. గొప్ప కోసం పోయాను.

పెద్దాయన జీతమిస్తానంటే, అది తీసుకోవడం తమ పద్ధతికి విరుద్ధమన్నాడు దొర. గెలిచిన ప్రతి మ్యాచికీ తను చూపించిన వాళ్ళ పెరట్లో ఒక కోళ్ళ షెడ్డు కట్టించాలని అడిగాడు, ఇనుప వలతో సహా. పెద్దాయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి సరేనన్నాడు. అలా అమెరికాలో దొరకని ఉద్యోగం ఆయనకు జమ్మలమడుగులో దొరికింది. మొదటి షెడ్డు ఆసుపత్రిలో తోటపని చేసే ఒక వితంతువుకు వచ్చింది. ఫిబ్రవరి నాటికి నాలుగు షెడ్లయ్యాయి.

ఆయన తెలుగు మా కోళ్ళు పెంచే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నది. తాసిల్దారు ఎదురుపడితే "యాడికి పోతాండారు సార్" అనేవాడు. గట్టి మట్టి కోర్టులో పడి మోకాళ్ళు చెక్కుకుపోయినా లేచి నవ్వేవాడు. ఆయన్ను చూడడానికి పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. పెద్దాయన ఇంటి నుంచి రోజూ క్యారియరు వచ్చేది, నెయ్యి, గుడ్లు, కోడికూర, దేనికీ తక్కువ లేదు. స్కూలు వరండాలో కూర్చుని తినేవాడు. ఇంట్లోకి మాత్రం పెద్దాయన ఎప్పుడూ పిలవలేదు. ఏమేమి తినే మనిషో అని ఆ ఇంటి ఆడవాళ్ళకు పట్టింపు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మా వైపు పార్టీ మారే మనిషి ఎవరికీ చెప్పి మారడు. పోయి అవతలి పెద్ద ఇంట్లో కూర్చుని రాగి సంగటి తింటాడు. అంతే, ఆ పూట నుంచి వాడు వాళ్ళ మనిషి. పెళ్ళికి పోవచ్చు, చావుకు పోవచ్చు, దప్పికైతే నీళ్ళు తాగొచ్చు. సంగటి ముద్ద మాత్రం తినకూడదు. తిన్నవాడు ఇవతలికి మళ్ళీ రాలేడు, వస్తే ఎక్కువ కాలం ఉండడు. ఇది మా పిల్లలకు నడకతో పాటు వచ్చే తెలివి. అందుకే దొరకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆఖరి మ్యాచి పులివెందులలో, సాయంత్రం నాలుగింటికి. జట్టు లారీలో బయలుదేరింది. దొర తన జీపు తీసి, దారిలో కోళ్ళ పని ఉంది, తోడు రమ్మన్నాడు. తొండూరు వైపు కోళ్ళకు తెగులు తగిలిందనీ, రెక్కల కింద సూది మందు వేయాలనీ, ఫ్లాస్కులో పోసిన ఐసు కరిగేలోగా వేసెయ్యాలనీ చెప్పాడు. ముద్దనూరు దాటాక గానీ ఏ ఊరో నేను అడగలేదు. పేరు చెప్పాడు. అవతలి పెద్దాయన ఊరు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదని ఎన్నిసార్లు ఆలోచించానో. భయం ఒకటే కాదు, సిగ్గు. సముద్రాలు దాటి కోళ్ళకు మందేయడానికి వచ్చిన మనిషికి, మా ఊళ్ళలో ఎవరింట్లో తిన్నాడన్నదాన్ని బట్టి మనిషిని నరుకుతారని ఏ ఇంగ్లీషులో చెప్పను? మందేసి వెంటనే వచ్చేద్దాం, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వను అనుకున్నాను.

పని మధ్యాహ్నం రెండింటిదాకా సాగింది. ఊరి చివర ఎవరివో నాలుగు కోళ్ళు మిగిలాయంటే, వాటిని పట్టి తెమ్మని దొర నన్ను పంపాడు. నేను తిరిగొచ్చేసరికి ఆయన అవతలి పెద్దాయన ఇంటి పంచలో పీట మీద కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ముందు కంచం. కంచంలో ఒక ముద్ద అప్పటికే అయిపోయింది, రెండోది సగంలో ఉంది. ఆ ఇంటి ముసలమ్మ, అవతలి పెద్దాయన తల్లి, పక్కన కూర్చుని ఊరిబిండి పచ్చడి వేస్తోంది.

"పొద్దన్నుంచి మా కోళ్ళెనక తిరిగి తిరిగి ముకం వాడిపోయింది నాయనా, తిను" అంటోంది. ఆమె మనసులో ఇంకేమీ లేదు. ఆకలి చూసి పెట్టింది. కానీ ఆమె కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఆయన మాత్రం నా వైపే చూస్తున్నాడు.

"రా సాయిబూ, నువ్వు గూడా కూచ్చో" అన్నాడు మెల్లగా.

తింటే ఒక తప్పు, కాదంటే ఇంకో తప్పు. "రోజా ఉండానయ్యా" అన్నాను, ఉపవాసమని. రంజాను పోయి రెండు నెలలయింది. సాయిబుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆయనకు తెలియదా? నెలగాని నెలలో రోజా యేంది అని నవ్వాడు. మొక్కుబడి అన్నాను. సరేలే అన్నాడు. అలా ఆ ఇంట్లో నుంచి తిననివాడిగా నేనొక్కణ్ణే బయటపడ్డాను. దొర చెయ్యి కడుక్కుని ముసలమ్మకు దండం పెట్టాడు.

మేం పులివెందుల చేరేలోపే కబురు చేరింది. సోడాలమ్మే మనిషి నా చేతికి సీసా ఇస్తూ, "దొర అవతలికి పోయినాడంట గదప్పా" అన్నాడు. సీసా అలాగే తిరిగిచ్చేశాను. అటు చూస్తే పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, వెనక నలుగురూ నిలబడి ఉన్నారు. ఎవరూ నన్ను పలకరించలేదు.

మ్యాచి మొదలైంది. మీరు ఆటగాళ్ళు కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు, అలవాటు లేని కడుపులో రెండు సంగటి ముద్దలు వేసుకుని, రెండు గంటలు తిరగకముందే ఎండలో పరుగెత్తమంటే ఏమవుతుంది? దొర కాళ్ళు లేవలేదు. ఎగరాల్సినచోట నిలబడిపోయాడు. దగ్గర నుంచి వేసిన బంతులు కూడా గంప అంచుకు తగిలి బయటికొచ్చాయి. డొక్క పట్టుకుని వంగి, నా వైపు చూసి నవ్వాడు, ఎక్కువ తిన్నానన్నట్టు పొట్ట తట్టుకుని చూపించాడు. అది కోర్టు చుట్టూ ఉన్న ప్రతి మనిషీ చూశాడు. తెలిసినవాళ్ళకు దానికి ఒకటే అర్థం.

సగం ఆట అయ్యాక పెద్దాయన నన్ను పిలిపించాడు. గొంతు పెంచలేదు.

"మాస్టరూ, దొర ఆడ సంగటి తిన్న్యాడంట. నిజమేనా?"

చెప్పడానికి నాకు ఎన్ని మాటలున్నాయో. ఆయనకు మన ఆచారం తెలియదు పెద్దయ్యా, నేను చెప్పలేదు, తప్పు నాది అనొచ్చు. ముసలమ్మ ఆకలి చూసి పెట్టిందనొచ్చు. మా వైపు నుంచి కళ్ళారా చూసింది నేనొక్కణ్ణే, నా మాటకు విలువుండేది. నా నోటి నుంచి వచ్చింది ఒకటే మాట.

"నేను తినలేదు పెద్దయ్యా."

ఆయన నన్ను కాసేపు చూసి, తల తిప్పుకున్నాడు. వెనక నలుగురిలో ఒకడు తువ్వాలు సర్దుకున్నాడు.

రెండో సగం నాకు సరిగ్గా గుర్తు లేదు. దొర కొంచెం తేరుకున్నాడు, చివర్లో బాగానే ఆడాడు, అయినా నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అది చాలదన్నట్టు, అవతలి పెద్దాయన కోర్టులోకి నడిచొచ్చి, అందరూ చూస్తుండగా కొత్త తువ్వాలు తీసి దొర భుజాన వేశాడు. తన మనిషికి వేసినట్టు. దొర రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఓడినవాణ్ణి కూడా గౌరవించే మంచి ఊరని ఆయన అనుకున్నాడు, నాతో అన్నాడు కూడా.

బయలుదేరే ముందు ఆ నలుగురిలో ఒకడు నా దగ్గరికొచ్చాడు. ఊళ్ళో నేను మామా అని పిలిచేంత చనువున్నవాడు. "నువ్వు లారీలో పో అల్లుడూ" అన్నాడు, అంతే. దొర జీపులో ఎక్కొద్దని దాని అర్థం. నేను లారీ వైపు నడిచాను. నడిచానని రాస్తున్నాను, చూడండి. పది అడుగులు వేసి ఉంటాను. దొర వెనక నుంచి వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, రోజా ఉండి నీరసంగా ఉన్నావు, లారీలో కుదుపులకు పడిపోతావు అంటూ తీసుకెళ్ళి జీపులో కూర్చోబెట్టాడు. మీకు కథ చెప్పినప్పుడల్లా నేను ఆయన వెంట ఉన్నానని చెబుతాను. ఉన్నాను. నాకై నేను ఎక్కలేదు.

దారిలో చెప్పబోయాను. పెద్దాయనకు కోపం వచ్చింది, నువ్వు అక్కడ తిన్నందుకు అన్నాను. ఎందుకు, బాగానే ఉందిగా అన్నాడు. తర్వాత ఈలవేస్తూ జీపు నడిపాడు. ముందు మలుపులో ఏ గుట్ట కనిపించినా దాని వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసేవాణ్ణి. నోట్లో దువా చదువుకుంటున్నాను, మాటలు తప్పి పోతున్నాయి.

ముద్దనూరు దాటాక, పొద్దు గుంకేవేళ, కల్వర్టు దగ్గర పెద్దాయన జీపు దారికి అడ్డంగా నిలిచి ఉంది. నలుగురూ దిగి ఉన్నారు. ఇప్పుడు భుజాల మీద తువ్వాళ్ళు లేవు, చేతులకు చుట్టుకుని ఉన్నారు. దొర బ్రేకు వేసి, బండి చెడిపోయిందేమో అంటూ దిగి వాళ్ళ దగ్గరికే పోయాడు. నేను దిగలేదు.

పెద్దాయన ఆయన్ను తలెత్తి చూశాడు. అంత పొడుగు మనిషిని అలా తలెత్తే చూడాలి.

"వాళ్ళింట్లో సంగటి తిన్న్యావా దొరా?"

"తింటి పెద్దయ్యా" అన్నాడు దొర. "రెండు ముద్దలు. శానా బాగుండె." ఆ తర్వాత కొంచెం ఆలోచించి, మాటలు వెతుక్కుంటూ అన్నాడు. "మీకు ఆరు నెల్లు ఆడతాండా. మీ ఇంట్లో ఎప్పుడూ పెట్టలేదు. ఆ అవ్వ ఒక్కరోజుకే పెట్టింది."

అందులో ఫిర్యాదు లేదు. చిన్నపిల్లవాడు చెప్పినట్టు ఉన్నదున్నట్టు చెప్పాడు. మా లెక్క ప్రకారం ఆయన మాటకు తిరుగు లేదు. క్యారియరు తినడం వేరు. మా ఇంట్లో కూర్చుని తిననివాడు మా మనిషి ఎప్పుడయ్యాడు? మా మనిషి కానివాడు మారిందెక్కడ? సంగటి కట్టుబాటు చెప్పి మనిషిని నరకాలంటే, ముందు ఆ సంగటి మనం పెట్టి ఉండాలి. ఈ మాట నాకు సగం ఆటప్పుడే తోచి ఉండాల్సింది. కొరడాతో కొట్టినట్టు అక్కడున్న అందరికీ ఒకేసారి తెలిసింది. మామ అని చెప్పానే, ఆయన తల దించుకున్నాడు.

పెద్దాయన వెనక్కి తిరిగి, "ముందర పోయి ఇంట్లో ఎసురు పెట్టమని చెప్పు. దొర వస్తాండాడు" అన్నాడు ఒకడితో.

ఆ రాత్రి దొర ఆ ఇంటి నడిమింట్లో కూర్చుని తిన్నాడు. ఆడవాళ్ళే వడ్డించారు. మధ్యాహ్నం తిన్నదే ఇంకా అరగలేదని పాపం చెప్పుకోలేకపోయాడు. నాకు అరుగు మీద ఆకు వేశారు. పెద్దాయన బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"దొర సంగతి అడిగితే నీ సంగతి చెప్పినావే మాస్టరూ" అన్నాడు. తిట్టినట్టు కాదు, ఆశ్చర్యపోయినట్టు. మళ్ళీ లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీయించలేదు, జట్టు నుంచి తప్పించలేదు. పండగలకు పిలుస్తూనే ఉన్నాడు. ఏ సంగతీ మాత్రం నన్ను మళ్ళీ అడగలేదు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి. మనిషి చచ్చిపోతాడేమోనన్న భయం ఒక సాయంత్రంతో తీరింది నాకు. ఆ మనిషిని ముందుకు తోసి నేను వెనక్కి తప్పుకున్నానన్నది తీరలేదు. భయపడితే తప్పేముందని మీరనొచ్చు. భయపడడం తప్పు కాదు. పెద్దాయన అడిగింది చిన్న ప్రశ్న, దానికి జవాబు నా దగ్గరుంది. అది మింగేశాను.

దొర ఇంకో ఏడాది ఉన్నాడు. ఇంకో ఏడు షెడ్లు సంపాదించాడు. వెళ్ళిపోయేటప్పుడు స్కూలు మైదానంలో సభ పెట్టాం. పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. దొరకు దండేశారు, మాట్లాడమన్నారు. ఆయన కోళ్ళ గురించి నాలుగు మాటలు, ఆట గురించి నాలుగు మాటలు చెప్పాడు. ఆ తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు. ఆ సాయంత్రం దారిలో ఎందుకు ఆపారో ఈమధ్యనే ఎవరో చెబితే తెలిసిందన్నాడు. "ఈ మాస్టరుకు ఆరోజు అంతా తెలుసు. తెలిసి గూడా లారీలో పోకుండా నా పక్కన కూచ్చున్న్యాడు. నేను బతికి ఇంటికి పోతాండానంటే ఈయప్ప వల్లనే" అన్నాడు.

మైదానమంతా నా వైపు తిరిగింది. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన ఒక్క మాట అంటే చాలు, నా సంగతి బయటపడుతుంది. ఆయన నన్ను చూస్తూ నెమ్మదిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన్ను చూసి అందరూ కొట్టారు. నేను లేచి నిలబడి దండం పెట్టాను.